నాలుగో గేర్‌బాక్స్ కొనే ముందు కోణాలు కొలవండి

ప్రశ్న:

మాకు పాడేరు దగ్గర కాఫీ, మిరియాల తోట ఉంది. తోటలోకి వెళ్లే దారి వానాకాలంలో బాగా పాడవుతుంది. అందుకని నా 2012 మోడల్ మారుతి జిప్సీకి ఎస్‌పీఓఏ చేయించాను. అంటే ఇరుసు కింద ఉండే కమాన్ కట్టలను ఇరుసు మీదికి మార్చారు. బండి దాదాపు ఐదంగుళాలు లేచింది. 31 అంగుళాల టైర్లు వేశాను. తోట దారిలో ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు. కానీ అప్పటి నుంచి గేర్‌బాక్స్ నిలవడం లేదు. మొదటిది నాలుగు వేల కిలోమీటర్లకు మోత మొదలుపెట్టింది. విప్పితే వెనక బేరింగ్ పోయింది. సెకండ్ హ్యాండ్‌ది వేయిస్తే రెండున్నర వేలకే మళ్లీ అదే బేరింగ్, పైగా ఐదో గేరు జారిపోవడం. మూడోది అదే జబ్బుతో రెండు వేలు కూడా తిరగలేదు.

స్పీడోమీటరులో 65 దాటగానే సీటు కింద అదురు వస్తుంది, 75 దాకా ఉంటుంది, యాక్సిలరేటర్ వదిలితే తగ్గుతుంది. అనకాపల్లి దాటి హైవే ఎక్కాక ఐదో గేరులో గేరు రాడ్డు చేతికి జివ్వుమంటుంది. టైర్ల బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్, ఇంజన్ మౌంటింగ్‌లు, క్లచ్ ప్లేటు అన్నీ అయ్యాయి. ‘జిప్సీ గేర్‌బాక్సే వీక్, ఈ టైర్లకు ఆగదు, వేరే బండిది ఎక్కిద్దాం’ అంటున్నారు మెకానిక్. ఎక్కించమంటారా? ఇంకో మాట. ఇంజన్ శక్తిని వెనక ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు మరీ వంపుగా ఉందని, ఆ శక్తిని ముందు వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మౌంటింగ్‌ల దగ్గర 4 సెంటీమీటర్ల బుష్‌లు పెట్టి దాన్ని కిందికి దించారు. అది మంచిదే కదా?

సమాధానం:

వద్దు. వేరే బండి గేర్‌బాక్సే కాదు, జిప్సీదే ఇంకోటి కూడా ఇప్పుడే వేయించకండి. మీరు చివర్లో ‘ఇంకో మాట’ అని రాసిన ఆ బుష్‌ల సంగతే ఈ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైనది. మూడు గేర్‌బాక్సులూ ఒకే చోట, అంటే వెనక బేరింగ్ దగ్గర పోయాయంటే లోపం గేర్‌బాక్స్‌లో లేదు. దాని వెనక తగిలించినదాంట్లో ఉంది.

మీ మెకానిక్ మాటలో కొంత నిజం ఉంది. జిప్సీకి సాధారణంగా వచ్చే 205/70 ఆర్15 టైరు ఎత్తు సుమారు 67 సెంటీమీటర్లు. మీ 31 అంగుళాల టైరు 79 సెంటీమీటర్లకు దగ్గర. దాదాపు 18 శాతం పెద్దది. అదే ఘాట్ ఎక్కడానికి ఇంజన్ నుంచి చక్రం దాకా ప్రతి భాగం మీదా ఆ మేరకు బరువు పెరుగుతుంది. కానీ ఆ బరువే కారణమైతే నష్టం ఒక్క బేరింగ్ దగ్గర ఆగదు. గేరు పళ్లు పోతాయి, క్లచ్ అరుగుతుంది, వెనక ఇరుసులోని క్రౌన్ పినియన్ గేర్ల జత మోత పెడుతుంది, ఇరుసు షాఫ్టు తెగుతుంది. మీకు అవేవీ కాలేదు. ఐదో గేరు జారడం కూడా ఆ బేరింగ్ వల్లే కావచ్చు. మెయిన్ షాఫ్టు వెనక చివర పట్టు లేక ఊగుతుంటే గేరు పూర్తిగా పట్టుకోదు, తన్నుకుని బయటికి వచ్చేస్తుంది.

జిప్సీ నిర్మాణంలో ఒక ప్రత్యేకత ఉంది. చాలా ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో ట్రాన్స్‌ఫర్ కేస్ నేరుగా గేర్‌బాక్స్‌కే బిగించి ఉంటుంది. రెండూ ఒకే ముద్దగా కదులుతాయి. జిప్సీలో అలా కాదు. ట్రాన్స్‌ఫర్ కేస్ వేరుగా, తన సొంత రబ్బరు మౌంటింగ్‌ల మీద చాసిస్‌కు వేలాడుతుంది. గేర్‌బాక్స్ నుంచి దానికి ఒక చిన్న షాఫ్టు వెళ్తుంది, రెండు చివర్లా క్రాస్‌లతో, అంటే వంపులో కూడా తిరగనిచ్చే కీళ్లతో. అంటే మీ బండిలో ప్రొపెల్లర్ షాఫ్టులు రెండు కాదు, మూడు. వెనకదీ ముందుదీ అందరికీ కనిపిస్తాయి. మధ్యలో ఉన్న ఈ పొట్టి షాఫ్టును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. బండి ఎంత లేచినా దాని వంపు మారదు, ఎందుకంటే దాని రెండు చివర్లూ చాసిస్ మీదే ఉంటాయి. దాన్ని మార్చింది లిఫ్ట్ కాదు, ఆ బుష్‌లు.

కాస్త లెక్క చూద్దాం. వెనక షాఫ్టు పొడవు 80 సెంటీమీటర్లు అనుకోండి. దాని ముందు చివరను 4 సెంటీమీటర్లు దించితే వంపు 3 డిగ్రీలు కూడా తగ్గదు. పొట్టి షాఫ్టు 30 సెంటీమీటర్లు అనుకోండి. అదే 4 సెంటీమీటర్లు దాని ఒక చివర దిగితే ఏడున్నర డిగ్రీల వంపు కొత్తగా వచ్చి చేరుతుంది. ముందే ఉన్న వంపుకి ఇది అదనం. మీ బండి మీద టేపు పెట్టి అసలు పొడవులు వేసుకోండి, అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి కానీ బేరం మాత్రం ఇదే. వెనక మూడు డిగ్రీలు లాభం చూసుకుని ముందు ఏడున్నర డిగ్రీలు నష్టపోయారు.

పైగా పొట్టి షాఫ్టు ఎక్కువ వేగంతో తిరుగుతుంది. జిప్సీ ట్రాన్స్‌ఫర్ కేస్ హై రేంజ్‌లో కూడా వేగాన్ని సుమారు 1.4 రెట్లు తగ్గించి వెనక్కి పంపుతుంది. కాబట్టి వెనక షాఫ్టు నిమిషానికి 2,200 చుట్లు తిరిగేటప్పుడు పొట్టి షాఫ్టు 3,100 తిరుగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టులు తయారుచేసే స్పైసర్ కంపెనీ పట్టిక ప్రకారం 3,000 చుట్ల దగ్గర క్రాస్ వంపు 6 డిగ్రీల లోపే ఉండాలి. 2,000 చుట్ల దగ్గర 8.7 దాకా ఫర్వాలేదు. చుట్లు పెరిగేకొద్దీ ఒప్పుకునే వంపు తగ్గుతుందన్నమాట. మీవాళ్లు ఎక్కువ తిరిగే షాఫ్టుకి ఎక్కువ వంపు పెట్టారు.

వంపు ఉంటే ఏమవుతుందో ఒకసారి మీ చేత్తో చూడండి. నేను చెప్పేదానికన్నా అది బాగా అర్థమవుతుంది. షెడ్డులో పాత షాఫ్టు ముక్క, క్రాస్, దాన్ని రెండు వైపులా చెవులతో పట్టుకునే యోక్‌లు ఉన్నది ఒకటి తీసుకోండి. ఒక వైపు వైస్‌లో వదులుగా, తిరిగేలా పట్టించి, రెండో వైపు బాగా వంచి పట్టుకోండి. రెండింటి మీదా చాక్‌తో ఒక గీత పెట్టి మీ వైపు నెమ్మదిగా, ఒకే వేగంతో తిప్పండి. అవతలి గీత ఒకసారి మీ గీత కంటే ముందుకు పోతుంది, మళ్లీ వెనకబడుతుంది, మళ్లీ ముందుకు పోతుంది. చుట్టు పూర్తయ్యేసరికి రెండుసార్లు పరుగు, రెండుసార్లు నెమ్మది. ఇది క్రాస్ పాడై జరిగేది కాదు, కొత్త క్రాస్ అయినా ఇంతే. 4 డిగ్రీల వంపులో ఈ తేడా పావు శాతం లోపు. 13 డిగ్రీల్లో రెండున్నర శాతం దాటుతుంది. వంపు మూడింతలు పెరిగితే కుదుపు పదింతలు పెరిగింది. వేగం కూడా అంతే, రెట్టింపైతే షాఫ్టు మీద పడే కుదుపు నాలుగింతలవుతుంది.

షాఫ్టుకి రెండో చివర ఇంకో క్రాస్ పెట్టేది ఇందుకే. మొదటి క్రాస్ చేసిన హెచ్చుతగ్గును రెండోది సరిగ్గా తిరగేసి చెరిపేస్తుంది. కానీ దానికి షరతులున్నాయి. రెండు వైపులా వంపు సమానంగా ఉండాలి, ఒక డిగ్రీకి మించి తేడా ఉండకూడదు. షాఫ్టు మీద రెండు యోక్‌లూ ఒకే వరసలో ఉండాలి. స్ప్లైన్ (షాఫ్టు ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరే పళ్లు) ఒక్క పన్ను పక్కకు ఎక్కినా ఆ వరస పోతుంది. గేర్‌బాక్స్ మూడుసార్లు దించారు కాబట్టి పొట్టి షాఫ్టును ఊడదీసి మళ్లీ ఎక్కించడంలో అది జరిగి ఉండవచ్చు, ముందు అది చూడండి. ఎదురుగా నిలబడి షాఫ్టు పొడవునా చూస్తే రెండు యోక్‌ల చెవులూ ఒకదాని వెనక ఒకటి దాక్కోవాలి.

ఈ షరతులన్నీ కుదిరినా వంపు ఉన్నంత కాలం ఇంకో బాధ మిగులుతుంది. జిప్సీ ఇంజన్ సుమారు 100 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. ఘాట్ మీద ఫస్ట్ గేరులో అది గేర్‌బాక్స్ వెనక చివరకు వచ్చేసరికి 300 దాటుతుంది. ఏడున్నర డిగ్రీల వంపులో దానిలో దాదాపు ఎనిమిదో వంతు, అంటే 40 న్యూటన్ మీటర్ల దాకా, షాఫ్టును పక్కకు వంచే బలంగా మారి గేర్‌బాక్స్ వెనక బేరింగ్ మీద పడుతుంది. అదీ నిలకడగా కాదు, ప్రతి చుట్టుకూ రెండుసార్లు పెరుగుతూ తగ్గుతూ. తోటకీ ఊరికీ మధ్య తక్కువ గేర్లలో ఎక్కుతూ దిగుతూ ఉండే బండికి ఇది రోజూ తప్పదు. మీ బేరింగ్‌ను తినేస్తున్నది ఇదేనని నా నమ్మకం.

మరి సీటు కింద అదురు? అది వేరే కథ. మీ బండిలో రెండు వైబ్రేషన్లు ఉన్నాయి. రెండింటినీ ఒకటిగా చూడటం వల్లే ఇన్ని భాగాలు మార్చినా ఫలితం రాలేదు. గేరు రాడ్డు జివ్వుమనడం పొట్టి షాఫ్టుది. సీటు కింద అదురు వెనక షాఫ్టుది అయ్యే అవకాశం చాలా ఎక్కువ. యాక్సిలరేటర్ వదిలితే తగ్గుతుందని రాశారు కదా. టైరు బ్యాలెన్స్ తప్పితే వదిలినా తొక్కినా ఒకేలా ఊగుతుంది. తొక్కడం వదలడం బట్టి మారేది సాధారణంగా కోణాల సమస్యే. తొక్కినప్పుడు ఇరుసు తన కట్టల మీద వెనక్కి తిరిగి పినియన్ ముక్కు, అంటే వెనక షాఫ్టు వచ్చి తగిలే చోటు, పైకి లేస్తుంది, వదిలితే కిందికి వస్తుంది. ఎస్‌పీఓఏ చేసిన బండ్లలో ఇరుసు ఇలా మెలితిరగడం మామూలు కంటే ఎక్కువ ఉంటుంది.

రెండూ వేరని తేల్చుకోవడానికి జిప్సీ ఒక మంచి సౌకర్యం ఇస్తుంది. బండిని చదునైన చోట ఆపి నాలుగు చక్రాలకూ రెండు వైపులా గట్టి చెక్కలు అడ్డం పెట్టండి. ట్రాన్స్‌ఫర్ లివర్‌ను న్యూట్రల్‌లో పెట్టండి. గుర్తుంచుకోండి, ట్రాన్స్‌ఫర్ న్యూట్రల్‌లో ఉన్నప్పుడు బండిని గేరులో వేసినా అది పట్టి ఉంచదు, చెక్కలు లేకపోతే పల్లానికి దొర్లిపోతుంది. ఇప్పుడు గేరు వేయకుండా ఇంజన్‌ను 2,500 చుట్ల దాకా లేపి రాడ్డు మీద చెయ్యి వేసి చూడండి. తర్వాత ఐదో గేరు వేసి, క్లచ్ వదిలి మళ్లీ 2,500. ఇప్పుడు ఇంజన్, గేర్‌బాక్స్, పొట్టి షాఫ్టు మాత్రమే తిరుగుతున్నాయి. చక్రాలు, వెనక షాఫ్టు కదలవు. మొదటిసారి లేని జివ్వు రెండోసారి వస్తే దొంగ పొట్టి షాఫ్టు దగ్గరే దొరికినట్టు. బరువు లేకుండా తిరుగుతుంది కాబట్టి రోడ్డు మీదంత గట్టిగా ఉండదు, శ్రద్ధగా పట్టుకుని చూడాలి. ఇది చేసేటప్పుడు బండి కిందికి ఎవరూ వెళ్లకూడదు.

రెండో పరీక్ష రోడ్డు మీద. మీటరులో 70 దగ్గర ఒకసారి నాలుగో గేరులో, ఒకసారి ఐదో గేరులో వెళ్లండి. సీటు కింద అదురు రెండింటిలోనూ అదే వేగానికి అలాగే వస్తే అది గేర్‌బాక్స్ తర్వాతి భాగాలది, అంటే పొట్టి షాఫ్టు నుంచి చక్రాల దాకా ఉన్నవాటిది. గేరు మారితే అదీ మారితే ఇంజన్, గేర్‌బాక్స్ వైపుది. మీ స్పీడోమీటరు కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచే వస్తుంది కాబట్టి టైరు పెద్దదైన సంగతి దానికి తెలియదు. మీటరు 70 అన్నప్పుడు మీరు నిజానికి 82 మీద ఉన్నారు. ఇది స్పీడ్ కెమెరాల దగ్గర కూడా గుర్తుంచుకోండి.

ఫోన్‌లో వైబ్రేషన్ కొలిచే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. ఒకటి వేసుకుని ఫోన్‌ను సీటు పట్టా మీద గట్టిగా కట్టండి. మీటరు 70 దగ్గర చక్రం సెకనుకు తొమ్మిది చుట్లకు కాస్త ఎక్కువ తిరుగుతుంది. డిఫరెన్షియల్ రేషియో (చక్రం ఒక చుట్టుకు వెనక షాఫ్టు తిరిగే చుట్లు) లెక్కకు 4 అనుకుంటే వెనక షాఫ్టు 37 చుట్లు, చుట్టుకు రెండు కుదుపుల చొప్పున 74. పొట్టి షాఫ్టుకి ఇదే లెక్క 104 అవుతుంది. యాప్‌లో 9 దగ్గర శిఖరం కనిపిస్తే టైరు, 37 దగ్గర అయితే షాఫ్టు బ్యాలెన్స్, 74 దగ్గర అయితే వెనక కోణాలు, 104 దగ్గర అయితే పొట్టి షాఫ్టు కోణాలు. మీ బండి అసలు రేషియో తెలిస్తే దాంతో వేసుకోండి. కొన్ని ఫోన్లు సెకనుకు వంద సార్లే కొలుస్తాయి. వాటిలో 50 పైన ఉన్నవి సరిగా కనిపించవు, ఇంకో ఫోన్ తీసుకోండి.

ఇక కోణాలు. అయస్కాంతంతో అతుక్కునే డిజిటల్ యాంగిల్ గేజ్ ఒకటి కొనండి. ఒక గేర్‌బాక్స్ దించి ఎక్కించే కూలితో పోలిస్తే దాని ధర చాలా తక్కువ. బండి చదునైన నేల మీద, తన చక్రాల మీద నిలబడి ఉండాలి. జాకీ మీద లేపి ఇరుసు వేలాడుతుండగా కొలిస్తే ఆ అంకెలు దేనికీ పనికిరావు. ట్యాంకు నిండుగా, రోజూ వేసే బరువుతో ఉంచండి. ఆరు చోట్ల కొలవాలి: గేర్‌బాక్స్ వెనక ఫ్లాంజ్ (షాఫ్టును బిగించే బిళ్ల), పొట్టి షాఫ్టు, ట్రాన్స్‌ఫర్ లోపలికి వచ్చే ఫ్లాంజ్, వెనక్కి వెళ్లే ఫ్లాంజ్, వెనక షాఫ్టు, పినియన్ ఫ్లాంజ్. గేజ్‌ను షాఫ్టుల మీద పొడవునా పెట్టండి. ఫ్లాంజ్ ముఖం మీద నిలువుగా పెడితే 90 తీసేసి లెక్క వేసుకోండి. పక్కపక్కనున్న రెండు అంకెల తేడాయే ఆ క్రాస్ వంపు.

వెనక మీకు ఏం కనిపిస్తుందో నాకున్న అంచనా చెప్తాను. లిఫ్ట్ చేసేటప్పుడు చాలా షెడ్లలో పినియన్ ముక్కును పైకి తిప్పి, అది ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు చూసేలా వెల్డ్ చేస్తారు. కంటికి బాగుంటుంది, వెనక క్రాస్ దాదాపు నిటారుగా ఉంటుంది. ఉదాహరణకు ట్రాన్స్‌ఫర్ ఫ్లాంజ్ 3 డిగ్రీల వాలు, షాఫ్టు 16, పినియన్ 13 అనుకోండి. ముందు క్రాస్ వంపు 13, వెనక క్రాస్ వంపు 3. ముందు క్రాస్ చేసిన కుదుపును చెరపడానికి వెనక క్రాస్‌లో సరిపడా వంపు లేదు. లెక్క కడితే 12 డిగ్రీలకు పైగా ఉన్న ఒకే క్రాస్‌తో బండి నడిపినట్టే. మామూలు షాఫ్టు ఉన్నప్పుడు పినియన్ కూడా 3 డిగ్రీలే ఉండాలి, ట్రాన్స్‌ఫర్ ఫ్లాంజ్‌కు సమాంతరంగా. అప్పుడు రెండు వైపులా 13 వస్తాయి. వెనక్కి చేరే కుదుపు పోతుంది, కానీ 13 అన్నది 2,200 చుట్ల షాఫ్టుకి ఇప్పటికీ ఎక్కువే.

అందుకని దీనికి నిజమైన దారులు రెండే. ఒకటి, ట్రాన్స్‌ఫర్ వైపు జంట క్రాస్ ఉన్న డబుల్ కార్డన్ షాఫ్టు చేయించి, పినియన్‌ను షాఫ్టు వరసలోకి తిప్పడం. తొక్కినప్పుడు ముక్కు లేస్తుంది కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉంచాలి. ఖర్చుతో కూడిన పని, షాఫ్టు బాగా తెలిసినవాళ్లే చేయాలి. రెండోది, లిఫ్ట్ తగ్గించుకోవడం. కట్టలను మళ్లీ ఇరుసు కిందికి తెచ్చి, మంచి కట్టలతో రెండంగుళాల దాకా లేపి, టైరు ఒక సైజు తగ్గించడం. మీరు బండిని హైవే మీద కూడా నడుపుతున్నారు. తోట దారి ఎంత పాడైనా దానికి ఐదంగుళాలు అక్కర్లేదనే అనుకుంటున్నాను. నన్నడిగితే రెండోదే చేయించుకోమంటాను.

ఏ దారి పట్టినా మొదటి పని మాత్రం ఒకటే. ఆ బుష్‌లు తీసేసి ట్రాన్స్‌ఫర్ కేస్‌ను దాని అసలు ఎత్తుకు తీసుకెళ్లండి. మౌంటింగ్ రబ్బర్లు అన్నీ ఒకేసారి కొత్తవి వేయండి. ఒకటి కొత్తది, మిగిలినవి చచ్చుబడినవి అయితే కేస్ ఒక పక్కకు ఒరిగి, రెండు ఫ్లాంజ్‌లూ సమాంతరంగా ఉండవు. ఆ తర్వాత పొట్టి షాఫ్టును ఊడదీసి దాని క్రాస్‌లను దగ్గరగా చూడండి. కప్పు లాగి, గ్రీజు గుడ్డతో తుడిచి, క్రాస్ కాలు మీద గోరుతో గీయండి. సమాన దూరంలో సన్నని గాట్లు గోరుకి తగిలితే సూదుల్లాంటి రోలర్లు అక్కడ కొట్టుకుని గుంటలు పెట్టినట్టు. అలాంటి క్రాస్ చేత్తో ఊపితే ఆడదు, బాగానే ఉందనిపిస్తుంది. తిరిగేటప్పుడు మాత్రం గాటు గాటుకూ తగులుతుంది. దయచేసి దాన్ని మళ్లీ వేయకండి. పాత గేర్‌బాక్సుల బేరింగులు షెడ్డులో ఇంకా ఉంటే అవీ తెప్పించుకుని చూడండి. ఇలాంటి వంపు దెబ్బ తిన్న బేరింగులో బాల్ నడిచిన దారి రేసు (బాల్స్ దొర్లే గాడి) మీద ఒక పక్కకు ఒరిగి, పొలుసులు లేచి ఉంటుంది. బురద, నీళ్లు దిగి పోయినదైతే అంతటా మసకగా, గరుకుగా ఉంటుంది.

వెనక షాఫ్టును కూడా బ్యాలెన్సింగ్‌కి ఇవ్వండి. లిఫ్ట్ కోసం దాన్ని కోసి పొడవు పెంచి ఉంటే తప్పనిసరి. 30 గ్రాముల వెల్డింగ్ ముద్ద ఒక పక్క ఎక్కువున్నా మీటరు 70 దగ్గర అది షాఫ్టును ఆరు కిలోల బలంతో చుట్టూ లాగుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ షాఫ్టుల పనే చేసేవాళ్లున్నారు. మీకు దగ్గర్లో విశాఖలోనూ అడిగి చూడండి. బ్యాలెన్సింగ్ మెషిన్ ఉందా అని ముందే కనుక్కోండి. లేత్ మీద పెట్టి వంకర తీయడం వేరు, బ్యాలెన్స్ చేయడం వేరు. ముందు షాఫ్టు సంగతి తేలిక. ఫ్రీవీల్ హబ్‌లు ఉంటే రోడ్డు మీద ఫ్రీలో పెట్టండి, అది తిరగదు.

ఇవన్నీ అయ్యాక గేర్‌బాక్స్. అదే మోడల్‌ది చాలు, వెనక బేరింగ్ మాత్రం మంచి కంపెనీది కొత్తది వేయించండి. ఎక్కించేటప్పుడు ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండి రెండింటినీ సరిగ్గా ఒకే వరసలో కూర్చోబెట్టే డోవెల్ పిన్నులు ఉన్నాయో లేదో మీరే దగ్గరుండి చూడండి. చాలాసార్లు దించిన బండ్లలో అవి పోతుంటాయి, బోల్టులే పట్టుకుంటాయిలే అని వదిలేస్తారు. అవి లేకపోతే గేర్‌బాక్స్ ముందు చివర కూడా పక్కకు జరిగి కొత్త జబ్బు మొదలవుతుంది. గేర్ ఆయిల్ జీఎల్-4 రకమే పోయించండి. జీఎల్-5లో ఉండే కొన్ని రసాయనాలు గేర్లు మెత్తగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులకు మంచివి కావు.

ఇరుసు హౌసింగ్ మీద మళ్లీ వెల్డింగ్ చేయాల్సి వస్తే ఒకేచోట ఏకబిగిన చేయనివ్వకండి. కొంచెం ఇటు, కొంచెం అటు, చల్లారనిచ్చి చేయాలి. లేకపోతే హౌసింగ్ వంగి వీల్ బేరింగులు పోవడం మొదలవుతుంది. బ్రేకు గొట్టాల సంగతి కూడా చూడండి. ఇరుసు పూర్తిగా వేలాడినప్పుడు అవి బిగుసుకుంటుంటే మిగతా పనులన్నిటికంటే ముందు వాటిని మార్పించండి, అప్పటి దాకా బండి ఘాట్ దింపకండి.

మీరు అడగలేదు కానీ చట్టం మాట ఒకటి చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. వేరే బండి గేర్‌బాక్స్ ఎక్కించి ఇంకా దూరం వెళ్లకుండా, ఉన్న మార్పుల గురించి ఆర్‌టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడిగి తెలుసుకోండి. ప్రమాదం జరిగాక క్లెయిం దగ్గర ఈ మాట వస్తే చాలా కష్టం. లిఫ్ట్ తగ్గించుకోమనడానికి నాకు ఇది ఇంకో కారణం.

పని అయిన తర్వాత మొదటి రెండు వందల కిలోమీటర్లకు కట్టలను ఇరుసుకు పట్టించే యూ బోల్టులు, షాఫ్టు ఫ్లాంజ్ బోల్టులు మళ్లీ టార్క్ చేయించండి. ఐదు వందలకు గేర్ ఆయిల్ ఒక తెల్లటి డబ్బాలోకి దించి, అడుగున అయస్కాంతం తిప్పి చూడండి. మెత్తటి బూడిదరంగు పేస్టు అంటితే కొత్త బేరింగ్ సర్దుకుంటోందని. వేళ్ల మధ్య రుద్దితే పొలుసుల్లా గుచ్చుకుంటే మాత్రం బండి అక్కడే ఆపి, ఆ ఆరు కోణాలు మళ్లీ కొలిచి నాకు రాయండి. ఈసారి ఉత్తరంలో అంకెలతో పాటు పొట్టి షాఫ్టు పొడవు కూడా ఉండాలి.